పద్నాలుగేళ్ళ మామ్మగారి దిద్దుబాట్లు

మలికిపురం,
4 ఆగస్టు 2003.

చిట్టిబడి డాట్ కామ్ సంపాదకులు ప్రకాశరావుగారికి,
నమస్కారాలు.

పిల్లలకు చరిత్ర, సైన్సు, భూగోళం నేర్పడానికి మీరు ఇంటర్నెట్‌లో పెట్టిన పాఠాలు మా కుసుమ చదివింది. వాటి మీద మీరు జరుపుతున్న పోటీకి జవాబులు కూడా పంపింది. మొదటి బహుమతి గ్లోబు అన్నారట. అప్పటినుంచీ వలిచిన కొబ్బరికాయ మీద సుద్దతో ఖండాలు గీసుకుని తిప్పుకుంటోంది. నిన్న పచ్చడికని ఆ కాయ కొట్టబోతే ఆఫ్రికా పగిలిపోతుందని ఏడ్చింది.

మా ఇంట్లో ఏ పాఠమైనా ముందు నేను చూడాలి. ఈసారి కుసుమ నాకంటే ముందు చదివేసింది. అందుకని రాజోలులో నెట్ సెంటరు నడిపే మత్తయిచేత అరవై రెండు పేజీలూ అచ్చు తీయించి, ఎర్ర సిరాతో దిద్ది జతచేశాను. తప్పులు పదకొండు. చంద్రగుప్తుణ్ణి అశోకుడికి తండ్రిని చేశారు. ఆయన తాత. మధ్యలో బిందుసారుడు మీకేం అపకారం చేశాడో తెలియదు. వానపాముకు వెన్నెముక పెట్టారు. ఇవి క్షమించవచ్చు. కాని వశిష్ఠ గోదావరి ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తుందని రాశారు. అక్కడ కలిసేది వైనతేయ. వశిష్ఠ కలిసేది అంతర్వేది దగ్గర. ఆ రెండు పాయల మధ్య కాపురం ఉన్నవాళ్ళం, మాకు తెలియదా?

వెంటనే పాఠం దిద్ది, ఆ ప్రశ్నకు మార్కులు మళ్ళీ వేయగలరు. కుసుమ ఏటా అంతర్వేది తీర్థానికి వస్తుంది. సరైన జవాబే రాసి ఉంటుంది. మీ తప్పు వల్ల దానికి గ్లోబు పోకూడదు.

ఇట్లు, తిరుగు టపాకు రోజులు లెక్కపెట్టే
రుద్రరాజు సుభద్రయ్యమ్మ

తా.క.: మీకు ఫిర్యాదు చేయాలంటే ముందు ఫారం నింపాలని మత్తయి కంప్యూటర్లో నా పేరు ఎక్కించాడు. మిగతా గడుల్లో ఏం నింపాడో చూడలేదు. కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను.


హైదరాబాదు,
14 ఆగస్టు 2003.

చిరంజీవి సుభద్రకు,
ప్రకాశరావు అంకుల్ ఆశీస్సులు.

ఫారంలో నీ వయసు పద్నాలుగు అని చూసి మా ఆఫీసంతా ముచ్చటపడ్డాం. ఈ వయసులో ఇంత చక్కటి దస్తూరీ! చెల్లెలు కుసుమ మీద నీకున్న ప్రేమ కూడా మెచ్చుకోదగ్గది. అయితే అమ్మా, ఈ పాఠాలు పెద్ద పెద్ద పంతుళ్ళు రాసినవి. ఏ నది ఎక్కడ కలుస్తుందో నువ్వు పెద్దయ్యాక నీకే తెలుస్తుంది.

బాగా చదువుకో. పాలు తాగు.

నీ మేలు కోరే
ప్రకాశరావు అంకుల్

తా.క.: ఉత్తరం మీ మామ్మగారు చెబుతుంటే రాశావని ఇట్టే తెలిసిపోయింది. ఈసారి సొంతంగా రాయి. సీతాకోకచిలుకల స్టిక్కర్లు పంపుతున్నాను. గోడలకు అంటించకు.


మలికిపురం,
25 ఆగస్టు 2003.

ప్రకాశరావుగారికి,

ఏ నది ఎక్కడ కలుస్తుందో పెద్దయ్యాక తెలుస్తుందన్నారు. ఇంకా ఎంత పెద్దదాన్ని కావాలో రాయలేదు. నా వయసుతో మీకు పనిలేదు. వశిష్ఠ సంగతి తేల్చండి.

రుజువు కావాలంటారని నిన్న అంతర్వేది వెళ్ళి, నది సముద్రంలో కలిసేచోట నిలబడి, పడవ నడిపే సాలమోనును ఇది ఏ నది అని అడిగాను. అతడు నా వంక జాలిగా చూసి, "వశిష్ఠేనండి. ఒంట్లో బాగానే ఉందాండి?" అన్నాడు. మీ మూలంగా ఈ మాట కూడా పడ్డాను. అతనిచేత కాగితం మీద సంతకం పెట్టించి జతచేశాను.

పాలు తాగుతున్నాను.

ఇట్లు, ఇంకా జవాబు రాని
సుభద్రయ్యమ్మ

తా.క.: స్టిక్కర్లు పదహారు అందాయి. పన్నెండోదానికి కాళ్ళు నాలుగే ఉన్నాయి. సీతాకోకచిలుకకు ఆరు. దాన్ని వెనక్కి పంపుతున్నాను.

మరొకటి: మా మామ్మగారు 1951లో కాలం చేశారు. ఆ ఉత్తరం ఆవిడ చెప్పింది కాదు.


హైదరాబాదు,
10 సెప్టెంబరు 2003.

చిరంజీవి సుభద్రకు,
ఆఫీసులో అందరి తరఫునా శుభాకాంక్షలు.

సాలమోనుగారి సంతకం చూశాక మా పంతుళ్ళు అట్లాసు తెరిచారు. నువ్వు చెప్పిందే నిజం. పాఠం దిద్దేశాం. నువ్వు కోరినట్టే పదమూడు వందల పన్నెండు మంది జవాబులకూ మళ్ళీ మార్కులు వేశాం. అందరూ ఓడలరేవు అనే రాశారు. అందరికీ ఒక్కో మార్కు తగ్గింది. అంతర్వేది అన్నది నువ్వొక్కదానివే. పోటీలోని పాతిక ప్రశ్నలకూ జవాబులు నువ్వు దిద్దిన పేజీల్లోనే ఉన్నాయి కనుక వాటినే పోటీ పత్రంగా తీసుకుని మొదటి బహుమతి నీకు ఇచ్చాం. గ్లోబు కొరియరులో వస్తోంది.

ఇంతకుముందు పాతికకు పాతిక వచ్చింది చెల్లెలు కుసుమకొక్కదానికే. ఇప్పుడు ఇరవై నాలుగు. బాధపడవద్దని చెప్పు. అప్పుడప్పుడు నీ గ్లోబు తిప్పుకోనివ్వు.

వెబ్‌సైటులో పెట్టడానికి నీ ఫొటో కావాలి. స్కూలు యూనిఫారంలో, రెండు జడలతో.

గర్వంతో,
ప్రకాశరావు అంకుల్

తా.క.: మీ మామ్మగారు 1951లో పోయారని రాశావు. అప్పటికి మీ నాన్నగారే పుట్టి ఉండరు. భూగోళంలో నీకు తిరుగులేదు కాని చరిత్రలో తేదీలు జాగ్రత్త.


మలికిపురం,
19 సెప్టెంబరు 2003.

ప్రకాశరావుగారికి,
నమస్కారాలు.

గ్లోబు అందింది. ఫొటో జతచేశాను. రెండు జడలకు జుట్టు చాలలేదు. నాకు డెబ్బై ఒకటో ఏడు. కుసుమ మా రెండో అబ్బాయి కూతురు. చంద్రగుప్తుణ్ణి అశోకుడికి తండ్రిని చేసినవారు నన్ను కుసుమకు అక్కను చేయడంలో వింతేమీ లేదు.

మత్తయిని నిలదీశాను. "డెబ్బై ఒకటి దానికి నచ్చలేదండి. ఎంత నొక్కినా పద్నాలుగు దగ్గర ఆగిపోయిందండి. పోన్లెమ్మని ఒదిలేసేనండి, ఆయ్" అన్నాడు.

ఇక అసలు సంగతి. కుసుమకు కోపం రాలేదు, నాకే వచ్చింది. ఏటా ఆ ఇసుకలో ఆడుకుని, నది సముద్రంలో కలవడం కళ్ళారా చూసి, ఓడలరేవు అని ఎలా రాశావని గట్టిగా అడిగాను. అది తల వంచుకోలేదు.

"అంతర్వేదని నాకు తెల్సు మామ్మా. పరీక్షలో పాఠంలో ఉన్నదే రాయాలి, సొంత తెలివి కలపకూడదని నువ్వే కదా చెప్పేవు" అంది.

చెప్పిన మాట నిజం. దాని మూడో తరగతి నుంచి వారానికి రెండుసార్లు చొప్పున చెబుతున్నాను. మీ తప్పులు పదకొండు, నాది ఒకటి, మొత్తం పన్నెండు. అందులో పెద్దది నాదే. ఇకమీదట పాఠంలో తప్పుంటే తప్పని రాయమని నిన్ననే దానికి చెప్పాను. సాయంత్రానికి నా దగ్గర మూడు పట్టుకుంది.

పద్నాలుగేళ్ళు దాటని పిల్లల బహుమతి నేను ఉంచుకోవడం నియమానికి విరుద్ధం. కుసుమకు ఇద్దామంటే దాని జవాబు తప్పు. అందుచేత గ్లోబు వెనక్కి పంపుతున్నాను.

ఇట్లు, మీకంటే పెద్దది కనుక ఆశీస్సులతో
సుభద్రయ్యమ్మ

తా.క.: గ్లోబు పోస్టాఫీసుకు తీసుకువెళ్ళాను. కుసుమ దాన్ని రెండు చేతులా పట్టుకుని నా వెంట వచ్చింది. పోస్టుమాస్టరు పోలిరాజుగారు దాని మొహం చూశారు, గ్లోబు చూశారు, గుండ్రటి వస్తువులు పార్శిలుకు తీసుకోకూడదని నియమం ఉందన్నారు. ఆయన ఏ నియమం చెప్పినా, పుస్తకం తీసి ఎక్కడుందో చూపించమనడం నాకు ముప్పై ఏళ్ళుగా అలవాటు. ఈసారి అడగలేదు.