బూరె, జాంగ్రీల సంగతి

కడియం,
అక్టోబర్ 11.

నా చిట్టితల్లి ప్రిస్కిల్లాకి,

నాన్న ముద్దులు, దీవెనలు. రేపు మీ అమ్మ నిన్ను చూడ్డానికి హాస్టల్‌కి వస్తోంది. నేను రావట్లేదు. నర్సరీలో మొక్కల లోడింగ్ ఉందని నీతో చెప్పమన్నాను కానీ అది నిజం కాదు. నీ మొహం చూస్తూ చెప్పలేని మాట ఒకటి ఉంది. ఫోన్‌లో చెబుదామంటే ఆదివారం మీ వార్డెన్ ఇచ్చేది ఐదు నిమిషాలు, నీ వెనకాల లైన్లో నిలబడ్డ పిల్లల గోల ఒకటి. అందుకే రాసి, ఉతికిన బట్టల మధ్య పెట్టి పంపిస్తున్నాను.

బూరె, జాంగ్రీ చనిపోయాయమ్మా. నువ్వు పేర్లు పెట్టి పెంచుకున్న ఆ రెండు నారింజ రంగు చేపలూ ఇప్పుడు లేవు. మూడు వారాలైంది. వాటిని పోగొట్టింది నేనే.

ఎలా జరిగిందో దాచకుండా చెబుతాను. దసరా సెలవులకి నువ్వొచ్చేసరికి తొట్టెలో ఒక కొత్త చేప కనిపిస్తే ఎంత సంబరపడతావో అనుకున్నాను. సెప్టెంబర్ రెండో వారంలో పని మీద రాజమండ్రి వెళ్లినప్పుడు భీమరాజు గారి చేపల షాపులో ఆగాను. నీలం ఒళ్లు, పసుపు తోక, వేలెడంత చేప ఒకటి కనిపించింది. ఆయన ముందే చెప్పారు. "ఇది నా దగ్గరికొచ్చి మూడు రోజులేనండి. రెండు వారాలు ఇక్కడే ఉండనివ్వండి, ఎలా ఉందో చూసి తీసుకెళ్దురు గాని. పైగా మీది ఉప్పునీటి తొట్టె, పెట్టి నాలుగు నెలలేగా అయింది. అది కుదురుకోడానికి టైమ్ పడుతుందండి" అన్నారు. నేను వింటేనా? "దసరాకి మా అమ్మాయి వస్తుందండి, అప్పటికి ఉండాలి" అని కవర్లో కట్టించుకుని బస్సెక్కేశాను.

తొట్టె పక్కన గోడకి నువ్వు అతికించి వెళ్లిన కాగితం ఉంది కదా. "కొత్త చేపని నేరుగా వెయ్యొద్దు నాన్నా, నెల రోజులు వేరే టబ్బులో ఉంచాలి" అని ఎర్ర ఇంకుతో రాసి, కింద రెండు గీతలు గీశావు. ఆ కాగితం ముందే నిలబడి, కవర్ని పది నిమిషాలు నీళ్ల మీద తేలేసి, మూతి విప్పి, ఆ షాపు నీళ్లతో సహా తొట్టెలో గుమ్మరించాను.

నా ఉద్యోగం ఏంటో నీకు తెలుసు. పూణే నుంచి గులాబీ మొక్కలొస్తే నెల రోజులు ఎవర్నీ వాటి దగ్గరికి పోనివ్వను. వేరే షేడ్ నెట్ కింద పెట్టించి, ఆకు తిరగేసి చూసి, పిండినల్లి లేదని తేలితేనే మన మొక్కల్లో కలపనిస్తాను. కొత్తగా చేరిన కూలీలకి ఆ మాట చెప్పీ చెప్పీ నా గొంతు పోతుంది. అలాంటివాణ్ని, నీ చేపల దగ్గరికొచ్చేసరికి నాకేం పట్టిందో తెలియదు.

నాలుగో రోజు కొత్తదాని రెక్కల మీద తెల్ల చుక్కలు, రవ్వ చల్లినట్టు. ఉప్పునీళ్లే కదా, ఉప్పు అంటుకుందేమో అనుకున్నాను. ఆరో రోజుకి జాంగ్రీ రాయికి ఒళ్లు రుద్దుకోవడం మొదలుపెట్టింది. బూరె పైకొచ్చి గబగబా మొప్పలాడిస్తోంది. భీమరాజు గారికి ఫోన్ చేస్తే మందు చెప్పారు, వెంటనే వేరే టబ్బులోకి మార్చమన్నారు. మార్చాను. అప్పటికే ఆలస్యమైపోయింది. కొత్తది శుక్రవారం పోయింది, జాంగ్రీ శనివారం. బూరె ఆదివారం పొద్దున మేం చర్చికి బయల్దేరబోతుండగా పోయింది. అమ్మని వెళ్లమని, నేను ఉండిపోయాను. దాన్ని అరచేతిలో పెట్టుకుని కూర్చుని ఉండగానే నీ ఫోనొచ్చింది.

"నాన్నా, బూరె తింటోందా?" అని అడిగావు. "తింటోందమ్మా, బాగా తింటోంది" అన్నాను. ఆ తర్వాత రెండు ఆదివారాలూ అదే చెప్పాను. దసరాకి మిమ్మల్ని ఇళ్లకి పంపట్లేదని మీ కాలేజీ నుంచి మెసేజ్ వచ్చినప్పుడు మీ అమ్మ ఏడ్చింది. నేను, ఎంత పాపిష్టివాణ్నో చూడు, హమ్మయ్య అనుకున్నాను. నా బిడ్డ ఇంటికి రావడం లేదంటే నాకు నిమ్మళంగా అనిపించింది. ఆ మాట తల్చుకున్నప్పటి నుంచీ నాకు అన్నం సయించట్లేదు.

కోప్పడు. తిట్టు. మాట్లాడకపోయినా సరే. కానీ చదువు మీద మనసు పాడుచేసుకోకు.

నీ నాన్న,
రాజరత్నం.


హాస్టల్,
అక్టోబర్ 15.

నాన్నా,

ఈ ఉత్తరం మా బోటనీ మేడమ్ మధులత గారు బయట పోస్ట్ చేస్తానన్నారు. వార్డెన్ చూడరు, కాబట్టి అన్నీ రాస్తున్నాను.

బూరె లేదని నాకు ముందే తెలుసు. మొదటి ఆదివారమే నీ గొంతు తేడాగా ఉంది. ఆ తర్వాతి ఆదివారం కావాలనే అడిగాను, "బూరె ఇంకా తొట్టెలో పంపు వెనకాలే పడుకుంటోందా?" అని. "ఆఁ, పంపు వెనకాలేనమ్మా" అన్నావు. బూరె ఒక్కరోజు కూడా పంపు వెనకాల పడుకోలేదు నాన్నా. రోజూ స్టూలు వేసుకుని తొట్టె ముందు కూర్చునేవాడివి, నీకు తెలియకుండా ఉండదు. ఫోన్ పెట్టేశాక బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను.

మరి నిజం చెప్పమని ఎందుకు అడగలేదంటావా? నిన్ను నిజం అడిగితే, నేనూ చెప్పాల్సొస్తుంది.

నేను మొదటి బ్యాచ్‌లో లేను. మార్కులు తగ్గాయని జులైలోనే రెండోదానికి మార్చారు, ఆగస్టు నెలాఖరుకి నాలుగోదానికి. మీకు మెసేజ్ వెళ్తుందని భయపడ్డాను. వెళ్లలేదు, నేనూ చెప్పలేదు. పొద్దున ఐదింటి నుంచి రాత్రి పదకొండింటి దాకా కూర్చుంటాను. పేజీ తిప్పుతాను కానీ అక్షరాలు లోపలికి వెళ్లవు. మెస్‌లో ప్లేటు పట్టుకుంటే ముద్ద దిగదు. ఆదివారం అమ్మ వచ్చినప్పుడు చున్నీ నిండా కప్పుకున్నాను, చేతులు సన్నబడ్డాయని తెలియకూడదని. అమ్మ తెచ్చిన రొయ్యల వేపుడు తన ముందు రెండు ముద్దలు తిని, వెళ్లాక మొత్తం కక్కేశాను.

వారమంతా నేను ఎదురుచూసేది ఒక్క ఆ ఐదు నిమిషాల కోసమే. చేపలు బాగున్నాయని నువ్వు అబద్ధం చెప్పినా వినాలనిపించేది. అలా చెబుతున్నప్పుడు నువ్వు కనీసం నాతో మాట్లాడుతున్నావు కదా అనిపించేది.

ఈమధ్య నాకు నా మీదే భయమేస్తోంది నాన్నా. ఇంతకంటే రాయలేను. చేరేముందు రాజమండ్రిలోనే చదువుతానన్నాను, గుర్తుందా? "నాలుగు రోజులుంటే అదే అలవాటవుతుంది" అన్నావు. నాకు అలవాటు కాలేదు. నీకు కోపమొస్తే రానీ. నన్ను ఇంటికి తీసుకెళ్లు.

ప్రిస్కిల్లా.


కడియం,
అక్టోబర్ 18.

అమ్మా ప్రిస్కిల్లా,

నీ ఉత్తరం ఇప్పుడే అందింది. అమ్మా నేనూ రెండుసార్లు చదివాం. ఇది పోస్ట్‌లో వెయ్యను, రేపు నేనే పట్టుకొస్తాను. నిన్ను చూశాక నాకు మాట పెగలకపోతే నీ చేతికి ఇస్తాను, గేటు దగ్గరే చదువుకో.

కోపం లేదు. నీ మీద రవ్వంత కూడా లేదు. తప్పు నీది కాదు, వెనక పడిపోవడం తప్పే కాదు. పదిహేనేళ్ల పిల్లని, ఇల్లు దాటి ఒక్క రాత్రి కూడా ఉండనిదాన్ని, ముందుగా సిద్ధం చెయ్యకుండా తీసుకెళ్లి వేలమంది మధ్యలో దించేసి వచ్చింది నేను. నువ్వు డాక్టర్ కావాలని నీకంటే నేనే ఎక్కువ అనుకున్నాను.

నీకు నీ మీదే భయమేస్తోందని రాశావు. ఆ మాట మాతో చెప్పావు చూడు, అంతే చాలు. మిగతాది మేం చూసుకుంటాం. సామాన్లు సర్దుకో. పుస్తకాలు బరువైతే అక్కడే వదిలెయ్, నువ్వొస్తే చాలు.

నాన్న.


కడియం,
జనవరి 25.

గౌరవనీయులైన మధులత మేడమ్ గారికి,

ప్రిస్కిల్లా నమస్కరించి రాస్తోంది. ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి మేడమ్. ఆరోజు మీరు నా ఉత్తరం పోస్ట్ చెయ్యకపోతే ఏమయ్యేదో నాకు తెలియదు.

మా నాన్నగారు వచ్చినప్పుడు మీరు లేరు. ప్రిన్సిపాల్ గారు "ఇంకో నెల ఆగండి రాజరత్నం గారూ, అలవాటు పడిపోతుంది" అన్నారు. నాన్న గొంతు పెంచలేదు. "నాలుగు నెలలు ఆగామండి. ఇక చాలండి" అని నా పెట్టె అందుకున్నారు. రావులపాలెంలో బస్సాగితే దిగి అరటిపళ్లు కొనుక్కొచ్చి నా ఒళ్లో పెట్టారు. ఒకటి తిన్నాను. కక్కలేదు.

మొదటి వారం నిద్రపోతూనే ఉన్నాను. అమ్మ తను పనిచేసే స్కూల్‌కి సెలవు పెట్టింది. కంచం పక్కన పెట్టి వెళ్లిపోయేది, తిను అనేది కాదు. రాజమండ్రిలో ఒక డాక్టరమ్మ దగ్గరికి ఇప్పటికీ నెలకి రెండుసార్లు వెళ్తున్నాను. ఆవిడతో మాట్లాడాక తేలిగ్గా ఉంటోంది. నవంబర్ నుంచి రాజమండ్రిలోనే కాలేజీకి బస్సులో వెళ్లొస్తున్నాను. మార్కులు గొప్పగా ఏమీ లేవండి. డిగ్రీలో చేపల గురించి చదువుతానంటే నాన్న "సరే, చూద్దాం" అన్నారు. ఇదివరకైతే అనేవారు కాదు.

మా తొట్టెలో మళ్లీ చేపలున్నాయి మేడమ్. ఆ తెల్ల చుక్కల జబ్బు తెచ్చే పురుగు, పట్టుకోడానికి చేప దొరక్కపోతే తనే చస్తుంది. అందుకని డెబ్భై ఆరు రోజులు తొట్టెని ఖాళీగా ఉంచాం. శంఖంలో దూరి బతికే పీత ఒకటి మాత్రం తిరుగుతుండేది. నాన్న క్యాలెండర్‌లో రోజూ గీత పెట్టేవారు.

డిసెంబర్‌లో భీమరాజు గారి దగ్గర రెండు చిన్న చేపల్ని తెచ్చాం. ముందు కవర్ని ఒక ప్లాస్టిక్ టబ్బులో తేలేశాం, నీళ్ల వేడి సమానమయ్యేదాకా. తర్వాత చేపల్ని ఆ నీళ్లతోనే ఒక గిన్నెలోకి మార్చి, సన్నని గొట్టానికి ముడేసి, టబ్బు నీళ్లని చుక్కచుక్కగా దాంట్లోకి వదిలాం. గొట్టం పట్టుకుంది నాన్నే. గంటసేపు స్టూలు మీద కదలకుండా కూర్చున్నారు. "చెయ్యి లాగట్లేదా నాన్నా?" అంటే "తొందరేముందమ్మా" అన్నారు. ఆపైన వలతో చేపల్ని మాత్రమే టబ్బులోకి తీసి, ఆ నీళ్లు పారబోశాం. నెల రోజులు టబ్బులోనే ఉంచి, తింటున్నాయో లేదో, ఒంటి మీద చుక్కలేమైనా ఉన్నాయో రోజూ చూశాం. తొట్టె నీళ్లు పరీక్ష చేసి, లైటార్పేసి, మొన్న పదో తారీఖున లోపలికి వదిలాం. రెండు రోజులు రాయి వెనకాల నుంచి బయటికి రాలేదు. నాన్న కంగారుపడితే, అవే వస్తాయని నేనే చెప్పాను. మూడో రోజు వచ్చి తిన్నాయి. వీటికి ఇంకా పేర్లు పెట్టలేదు.

మేడమ్, అసలు ఈ ఉత్తరం రాయడానికి కారణం వేరే ఉంది. హాస్టల్లో నా పక్క మంచం వినీలది. కోరుకొండ అమ్మాయి, మీ క్లాసులో మూడో బెంచీలో కూర్చుంటుంది, బాగా నవ్విస్తుంది. తను రాత్రి భోజనానికి రాదండి. తిన్నానని చెబుతుంది. దుప్పటి ముసుగేసుకుని ఏడవడం నేను విన్నాను కానీ అప్పుడు నా బాధలో నేనుండి ఏంటని అడగలేదు. ఇంటికొచ్చినప్పటి నుంచీ అదే గుర్తొస్తోంది.

ల్యాబ్‌లో నన్ను ఎలా ఉన్నావని అడిగినట్టే, పక్కన ఎవరూ లేనప్పుడు తననీ అడగండి మేడమ్. మొదటిసారి బాగున్నాననే చెబుతుంది. నేనూ మీతో అలాగే చెప్పాను కదా. దయచేసి రెండోసారి కూడా అడగండి.

మీ విద్యార్థిని,
ప్రిస్కిల్లా.