బూట్ల సోలు పద్దు

అక్కా,

నా మోకాలి క్లెయిము మంజూరైంది. సోమవారం ఆపరేషన్. ఇక బెంగపడకు.

హైవే కూడలిలో ఎర్ర లైటు దాటుకొచ్చి నేను కూర్చున్న బావ కారును గుద్దినవాడి ఇన్సూరెన్సు వాళ్లు, నా కాలు అంతకుముందే బాగాలేదని ఇన్నాళ్లూ మొండికేశారు. నేనా, ఏనాడూ డాక్టరు గడప తొక్కినవాణ్ణి కాను. కాలు బాగుండేదని చూపడానికి ఒక్క కాగితమూ లేదు. చివరికి నువ్వు "పిసినారి పురాణం" అని వెక్కిరించే నా రోజువారీ లెక్కల పుస్తకాలు వాళ్ల ఆఫీసుకు పట్టుకెళ్లాను. ఆరేళ్లలో బస్సు ఖర్చు ఒక్కటీ లేదు. మూడు నెలలకోసారి మాత్రం బూట్లకు కొత్త సోలు వేయించిన పద్దు ఉంది.

ఆఫీసరమ్మ పేజీలు తిప్పితిప్పి నవ్వేసింది. "కుంటికాలితో ఇన్ని సోళ్లు ఎవరు అరగదీస్తారు బాబాయిగారూ? ముందే తేవచ్చుగా!"

"ఎవరూ అడగలేదమ్మా," అన్నాను.

బావ ఆ ప్రమాదం రోజు నుంచి స్టీరింగు ముట్టలేదని, నాకు ముఖం చూపలేకే రావడం లేదని తెలిసింది. నువ్వు చెప్పలేదు, నేనూ అడగలేదు. తప్పంతా ఎదుటివాడిదేనని వాళ్లు రాసిచ్చిన కాగితం ఇందులో పెట్టాను. బావకు చదివి వినిపించు.

ఆసుపత్రికి టాక్సీ మాట్లాడుకోలేదు. సోమవారం ఏడింటికి బావ కారు కోసం గుమ్మంలో కూర్చుంటాను. పెట్రోలు మాత్రం ఆయనదే.

నీ తమ్ముడు