సేవ్ చేయని సెట్టింగు

మంగళవారం రాత్రి

మా మిర్చి కోల్డ్ స్టోరేజీలో మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చాక కంప్యూటర్లను కలిపే నెట్‌వర్క్ స్విచ్‌ల ప్రాసెసర్లు లోడు తట్టుకోలేక చతికిలబడ్డాయి. టిక్కీల, అదే మిర్చి బస్తాల తూకం చీటీలు రాక ట్రాక్టర్లు గేటు దగ్గరే ఆగాయి. నెట్‌వర్క్ చూసుకునే నేను రెండు గంటలు తంటాలు పడ్డాను. పోయినేడు చేరిన సునీత పది నిమిషాల్లో పట్టేసింది. ఒక కేబుల్ రెండు కొసలూ ఒకే స్విచ్‌లో ఉన్నాయట; డేటా అందులోనే గిర్రున తిరుగుతోందట. నాకు ఒళ్ళు మండింది.

"ఆ వైరు నెల్నుంచీ అట్టాగే ఉందిగా. ఇవాళే ఏమొచ్చింది?" అన్నారు మేనేజరుగారు.

అలాంటి తప్పును అడ్డుకునే సెట్టింగు పెట్టి, సేవ్ చేయడం మరిచింది నేనే. కరెంటుతో పాటే అదీ పోయింది. సునీత స్క్రీన్ చూసింది, తర్వాత నన్ను చూసింది.

"కరెంటు దెబ్బేనండి," అంది ఆయనతో.

ఆమె తెలివి చూసి ఏడవడం నాకు అలవాటే. ఇక ఆమె మంచితనం చూసి కూడా ఏడవాలి.