అమ్మ కుట్టిన గ్లౌజు

టొలీడో,
1894 జూలై, ఆదివారం.

అమ్మకు,

నేనూ, తమ్ముడు ఆరినూ కులాసా. నీ కళ్ళమంట తగ్గిందనీ, ఫ్యాక్టరీవాళ్ళు కుట్టడానికి ఇంటికి పంపే తోలు ఈ నెల కాస్త మెత్తగానే ఉందనీ అనుకుంటున్నాను.

నీ ఉత్తరంలో అడిగినవన్నీ తమ్ముడి గురించే. సరే, విను. తింటున్నాడు. మేముండే చోట వండే పంది మాంసమంతా వాడి కంచంలోకే పోతోంది. బేస్‌బాల్‌లో బాగా కొడుతున్నాడు. వాడు బ్యాటు ఊపితే బంతి కంచె దాకా పోవలసిందే. ఆడపిల్లలు రిబ్బన్ల మీద వాడి పేరు కుట్టుకుంటున్నారు. పత్రికలో వాడి బొమ్మ వేస్తే, నీకు పంపమని నా చేతికే ఇచ్చాడు. మనసొప్పలేదు, అయినా ఇందులో పెట్టాను.

ఇక నువ్వడగని సంగతి. ఆరేళ్ళుగా మైదానం నడుమ నేను కాసిన రెండో బేస్ వాడికిచ్చి, నన్ను మైదానం చివరకు తోశారు.

"బంతి నీ దాకా వచ్చేలోపు ఓ కునుకు తియ్యొచ్చులే, ఆన్సెల్!" అన్నాడు మా జట్టు మేనేజర్ హాగర్టీ. అందరూ నవ్వారు. తమ్ముడు నవ్వలేదు. అదే నాకు ఇంకా మండింది.

నిన్న జరిగింది రాయాలా వద్దా అని ఇంతసేపూ నాన్చాను. మా బ్యాటింగ్ వంతు రాగానే గ్లౌజులు నిలబడ్డ చోటే గడ్డి మీద వదిలేసి వస్తాం కదా. నిన్న మళ్ళీ మైదానంలోకి వెళ్తుంటే, కాళ్ళు అలవాటుకొద్దీ రెండో బేస్ దగ్గరికే నడిచాయి. వంగి, అక్కడున్న గ్లౌజు తొడుక్కున్నాను.

"ఓయ్ ముసలోడా! నీ ఇల్లు అటు!" అని జనం ఒకటే గోల.

చూస్తే, అది నువ్వు వాడికి కుట్టి పంపింది. తీయలేదమ్మా. దాంతోనే మైదానం చివరికెళ్ళి నిలబడ్డాను. వాడు వట్టి చేతులతోనే బంతులన్నీ పట్టాడు. చప్పట్లు మళ్ళీ వాడికే. ఆట అయ్యాక తిరిగివ్వబోయాను.

"ఉంచుకో అన్నా. నాకది మొదట్నించీ వదులే, లోపల గుడ్డ కుక్కుకుని ఆడుతున్నా. అమ్మకి మాత్రం రాయకు, బాధపడుతుంది" అన్నాడు.

రాయొద్దన్నాడు కాబట్టే రాస్తున్నాను. గ్లౌజు వాడికి సరిపోయిందా అని అడిగావుగా? లేదు. నాకు సరిపోయింది. చిన్నప్పుడు విరిగి వంకరపోయిన నా చిటికెన వేలు కూడా అందులో చక్కగా అమరింది.

ఇన్నేళ్ళుగా గ్లౌజులు కుడుతున్న నీకు కొలత తప్పదు. ఆ తోలు కత్తిరించేటప్పుడు నీ కళ్ళముందున్నది నా చెయ్యే. మరి పొట్లం మీద వాడి పేరెందుకు రాశావమ్మా?

ముందు దీనికి జవాబు రాయి. వాడి సంగతులు తర్వాత అడుగుదువుగాని.

ఇట్లు,
నీ పెద్దకొడుకు
ఆన్సెల్