రెండో జత

ఆదివారం, సోలాపూర్

పొద్దున్నుంచే ఎండ. మగ్గాలు ఆగి ఉన్నాయి కాబట్టి బాపు ఇంట్లోనే గళ్ళ కాగితం మీద చద్దర్ దుప్పటి కోసం నెమలిని గీస్తున్నాడు. నేనూ, పుణె ల్యాబ్‌లో నా జూనియర్ కల్పనా పక్కనే థీసిస్ బొమ్మలు సరిచూసుకుంటున్నాం.

"ఏందిది బిడ్డా?" అన్నాడు బాపు. డీఎన్‌ఏ దారం చుట్టుకునే కండె హిస్టోన్ అనీ, దారం అందేదాకా ఆ కండెను పట్టుకునే ప్రోటీన్ షాపరోన్ అనీ చెప్పాను. ఒక్కో షాపరోన్ రెండు హిస్టోన్ జతలను పట్టుకుంటుందన్నదే నా థీసిస్.

ఆయన సగం నెమలి గీసి పెన్సిల్ పక్కన పెట్టాడు.

"ఇంకో సగం, కాకా?" అంది కల్పన.

"అదెందుకు గీసుడు? మగ్గమే తిప్పి ఏస్కుంటది."

నేను థీసిస్ బొమ్మను మళ్ళీ ముందుకు లాక్కున్నాను. వేల మైక్రోస్కోప్ చిత్రాలను కలిపి ఈ ఒక్క బొమ్మ చేసేటప్పుడు, రెండు వైపులూ ఒకటే అనుకొమ్మని కంప్యూటర్‌కు చెప్పింది నేనే. చిన్నప్పటి నుంచి ఈ ఇంట్లో చూసింది అదే. అనుమానమే రాలేదు.

ఆ షరతు తీసేసి, ల్యాబ్ కంప్యూటర్‌తో ఇక్కడి నుంచే మళ్ళీ లెక్క కట్టించాను. మధ్యాహ్నానికి బొమ్మ వచ్చింది. ఒక జత స్పష్టంగా ఉంది. రెండోది ఉండాల్సిన చోట ఏమీ లేదు.

"గురువారం థీసిస్ ఇస్తున్నవ్. ఇయ్యాల్నే చూడాల్నా అక్కా?" అంది కల్పన. "నా రెండేండ్ల పని నీ బొమ్మ మీదనే కట్టిన."

"గైడ్ సార్‌కు చెప్పాలె కల్పనా."

"చెప్పు. నీతోని నేను గూడ మునుగుత."

సార్‌కు మెయిల్ పంపాను. నా నాలుగేళ్ళ పని పోయింది. మళ్ళీ మొదలుపెట్టే ఓపిక నాలో ఉందో లేదో...

కల్పన ఐదున్నర బస్సుకు పుణె వెళ్ళిపోయింది. నన్ను బస్టాండ్‌కు రావద్దంది.