గాజుతొట్టి మంగరాజుకి చెందరాదు

విజయవాడ పటమటలో కాపురముంటూ గోలీసోడాలు కొట్టి అమ్ముకొని జీవించే మోరు పెద్దబ్బాయి కుమారుడు పోలరాజు, వయస్సు అరవై తొమ్మిది, తన చేత్తో రాసుకున్న మరణశాసనం.

నాకు గుండెనొప్పి ఉంది. బుద్ధికి ఏ నొప్పీ లేదు. ఇది రాయమని ఎవరూ నన్ను భయపెట్టలేదు, బతిమాలలేదు. ఐదో తరగతి చదివాను గనుక ఇందులో తప్పులుంటే అవి అక్షరాల్లోవే గాని ఉద్దేశంలోవి కావు. కింద చెప్పినదంతా నా స్వార్జితం. ఇంతకుముందు ఏ వీలునామా రాయలేదు. నా తదనంతరం మా వీధి రిటైరు మేష్టారు అచ్యుతరామారావు గారు దీన్ని అమలు జరిపించవలెను. పదిమందిలో గట్టిగా చదవగలిగినవారని ఆయన్ని ఎంచుకున్నాను. నాకది చేతకాదు.

1. పటమటలోని నా రెండు గదుల పెంకుటిల్లు, దొడ్డి, నుయ్యితో సహా, నా కోడలు శివపార్వతికి సర్వహక్కులతో చెందవలెను. ఆమె ఉండమంటే నా కొడుకు మంగరాజు అందులో ఉండవచ్చు.

2. సోడామిషను, గ్యాసు సిలిండరు, సీసాలు ఉయ్యూరులో ఉన్న నా కూతురు సన్యాసమ్మకి. అల్లుడు మా ఇంటికి వచ్చిన ప్రతిసారీ మా సోడాకి తుప్పు వాసన ఉందన్నాడు. అతను మిషను అమ్ముకున్నా నాకు బాధ లేదు.

3. మంగరాజుకి, వాడు చేపలతొట్టికని మద్రాసు నుంచి తెప్పించిన, నీళ్ళలోకి గాలి ఊదే బుడగల మోటారు, బుడగలు వదిలే రెండు గాలిరాళ్ళు, రబ్బరు గొట్టం. అవి చూరు కింద గుడ్డసంచిలో ఉన్నాయి. వాడి వస్తువులు వాడికి ఇచ్చేస్తున్నాను. అంతకుమించి నా ఆస్తిలో వాడికి ఏమీ లేదు.

4. నాలుగడుగుల గాజుతొట్టి, ఇనప చట్రం, బల్ల, అందులోని మొక్కలు, బతికున్న చేపలు మంగరాజుకి ఎట్టి పరిస్థితిలోనూ చెందరాదు. కారణం రాస్తున్నాను.

ఆ తొట్లో రిబ్బను లాంటి పొడుగాకుల నాచు ఉంది. దాన్ని నా భార్య మంగాయమ్మ కొల్లేటికోట నుంచి తడిగుడ్డలో చుట్టి, ఒళ్ళో పెట్టుకొని బస్సులో తెచ్చింది. ఆమె పోయి తొమ్మిదేళ్ళు. అందులో ఒక ముక్క మిషను కింద కారే నీళ్ళ గాబులో పడితే, ఇంట్లోదానికి రెట్టింపు పెరిగింది. సోడాగ్యాసు మొక్కకి తిండి అని అప్పుడు తెలుసుకున్నాను. తొట్లోకి గొట్టం వేశాను. మంగరాజు చేపల మార్కెట్టులో తన తోటి వ్యాపారుల ముందు నవ్వాడు. "మా నాన్న చేపలకి సోడా పట్టిస్తున్నాడు. ఇక నిమ్మకాయ పిండడమే తరవాయి" అన్నాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను.

గ్యాసు వదిలితే సరిపోలేదు. గొట్టం దగ్గరి మొక్క బలిసేది, మూలనున్నది పసుపెక్కేది. కాలవ మొదట్లోవాడి చేను పచ్చగా ఉంటుంది, శివారు రైతు మబ్బు వంక చూస్తూ కూర్చుంటాడు. తొట్టికీ అదే జబ్బు. చిటికెడు తవుడు వేసి, నీరు ఎటు పోతోందో, ఎక్కడ నిలిచిపోతోందో నాలుగు నెలలు చూశాను. పాత టేబుల్ ఫ్యాను మోటారుకి బెల్టు కట్టి, కొయ్యరెక్క ఒకటి చెక్కి, నీళ్ళ లోపల మెల్లగా తిరిగేలా పెట్టాను. అప్పుడు నాలుగు మూలలా ఆకు పచ్చబడింది.

ఈ ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ తిరునాళ్ళకి వెళ్ళి పది రోజులున్నాను. వెళ్ళేముందు మంగరాజుకి రెండే మాటలు చెప్పాను. రెక్క ఆపొద్దు, గ్యాసు కీ ముట్టుకోవద్దు. వాడు రెక్క ఆపాడు, కీ కూడా తిప్పాడు. కలకత్తా నుంచి చేపల షావుకార్లు భోజనానికి వస్తున్నారు, తొట్టికి కళ ఉండాలి అని బుడగల మోటారు పెట్టాడు. నీళ్ళు అన్నంకుండలా ఉడికాయి. కొట్టిన సోడాని గ్లాసులోంచి గ్లాసులోకి తిరగబోస్తే గ్యాసు పోతుంది. ఇక్కడా అదే జరిగింది. మూడో రోజుకి ఆకులు వాలాయి. గ్యాసు చాల్లేదనుకొని కీ మూడు చుట్లు తిప్పాడు. బుడగలు ఆ గ్యాసుని బయటికి తోలేస్తున్నంతసేపు చేపలకి ఇబ్బంది తెలియలేదు. ఎనిమిదో రోజు పొద్దున పదింటికి కరెంటు పోయింది. మోటారు ఆగింది. గ్యాసు ఆగలేదు. షావుకార్లు పప్పు కలుపుకొనే వేళకి చేపలన్నీ నీటిపైకి వచ్చి నోళ్ళు తెరిచాయి. సోడా కొట్టేవాడికి పుట్టి, ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆ ఇంట్లో తిని, వాడికి ఈ సంగతి తెలియలేదు.

నేను తిరిగి వచ్చేసరికి ముప్ఫై చేపలు పోయాయి. "ముసలాయనే గ్యాసు ఎక్కువపెట్టి పోయాడు, చాదస్తంతో చంపుకున్నాడు" అని వాడు మార్కెట్టంతా చెప్పాడు. నన్ను అడిగినవాళ్ళకి నేను తలూపి ఊరుకున్నాను. దాంతో అదే నిజమైపోయింది. శివపార్వతి ఒక్కతే వాడి ఎదురుగా నిలబడి, "మావయ్యా, కీ తిప్పింది ఈయనే. తిడితే తిట్టండి గానీ అలా గోడ వంక చూస్తూ కూర్చోకండి" అంది. నేను గోడ వంక చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు తిడుతున్నాను. మంగరాజూ, నువ్వు దద్దమ్మవి. దద్దమ్మ అయితే క్షమించేవాణ్ణి, అబద్ధాలకోరువి కూడా.

5. పై తొట్టి, మా ఎదురు సోడాషాపు బసవయ్యకి చెందవలెను. ఇది చదివి ఎవరూ మేమిద్దరం స్నేహితులం అనుకోవద్దు. ఆయనంటే నాకు పడదు. 1962లో నా షాపు మెట్టెక్కుతున్న ఖాతాదార్లని కేకేసి, "పోలరాజు గ్యాసంతా చేపలకి పోస్తున్నాడయ్యా, మీకు మిగిలేది గోలీయే" అన్నాడు. ఆ రోజు నుంచి నేను ఆయనతో మాట్లాడలేదు. ఆ మాట ఇప్పటికీ తప్పే. చచ్చాక కూడా తప్పే.

కాని కరెంటు పోయి చేపలు నోళ్ళు తెరిచిన రోజు శివపార్వతి రోడ్డు మీదికొచ్చి అరిస్తే కదిలినవాడు ఆయనొక్కడే. ముందు కీ కట్టాడు. తరవాత చెంబుతో తొట్లో నీళ్ళు ముంచి, చెయ్యెత్తి, పైనుంచి మళ్ళీ తొట్లోకే పోశాడు. గ్యాసు వదిలించే పని సోడావాడికే తెలుస్తుంది. నాలుగింటికి కరెంటు వచ్చేదాకా, ఎండాకాలం గిరాకీ వదులుకొని, పోస్తూనే ఉన్నాడు. పదకొండు చేపలు దక్కాయి. కుళ్ళిన నాచులో చెయ్యిపెట్టి వెతికి, పచ్చిగా ఉన్న దుంప ఒక్కటి పట్టుకొని, "ఇది మంగాయమ్మక్క తెచ్చిందేనా" అని కోడల్ని అడిగాడట. నేను వచ్చేదాకా తన బిందెలో దాచి, వచ్చాక మా గుమ్మంలో పెట్టి, నా మొహం చూడకుండా పోయాడు.

6. బసవయ్యకి తెలిసినా రాస్తున్నాను. తెలుసనుకొనేవాళ్ళే చెడగొడతారు. మనిషి ఒక ఊపిరి తీసేలోగా గ్యాసు ఒక బుడగ వస్తే చాలు. గొట్టం చివర గాజుగ్లాసు బోర్లించాలి. బుడగ అందులో ఆగి నీళ్ళలో కలుస్తుంది, పైకి పారిపోదు. రెక్క జానెడు లోతున తిరగాలి, పైనీరు వణకాలే గాని చిట్లకూడదు. రాత్రి తొట్టి మీది దీపం ఆర్పేటప్పుడు గ్యాసు కట్టాలి. నెలకోసారి తవుడు వెయ్యి. అది ఎక్కడ నిలిస్తే అక్కడ రాయి జరుపు, లేదా మొక్క కత్తిరించు. గ్యాసు ఎక్కువైతే చేపలు చెబుతాయి, తక్కువైతే ఆకులు చెబుతాయి. నీరు తిరక్కపోతే మూలనున్న నల్లపాచి చెబుతుంది.

7. నాలుగో అంశాన్ని అచ్యుతరామారావు గారు చేపల మార్కెట్టులో, పొద్దున వేలంపాట ముగిశాక, మంగరాజు అక్కడ ఉండగా చదవవలెను. దద్దమ్మ అన్న మాట మింగవద్దని మనవి.

8. బసవయ్య తొట్టి వద్దంటే, చేపల్నీ నాచునీ కొల్లేట్లో వదిలి, అద్దాలు పగలగొట్టవలెను. వద్దనకముందు ఇది ఆయనకి చదివి వినిపించండి. ఈ సంగతి చెప్పాలని నేను మూడుసార్లు రోడ్డు దాటాను. మూడుసార్లూ ఆయన, "ఏం పోలరాజూ, ఇంత ఎండన పడొచ్చావు" అని సోడా కొట్టి చేతికిచ్చాడు. తాగి వచ్చేశాను. మాట రాలేదు. ఆ మాట ఇది. బసవయ్యా, నువ్వు దాచిన దుంప ఏడు పిలకలు వేసింది.

ఇది నా పూర్తి ఇష్టంతో, స్వదస్తూరీతో రాసి, చదువుకొని, సాక్షుల ఎదుట చేవ్రాలు చేసినది.

విజయవాడ, పటమట
14 ఆగస్టు 1976, శనివారం

(చేవ్రాలు) మోరు పోలరాజు

సాక్షులు:
1. వీరభద్రరావు, తాలూకా ఆఫీసు గుమాస్తా, పటమట
2. వెంకటప్పయ్య, కిళ్ళీకొట్టు, పటమట