రాగి తొడుగు గుండు

శనివారం.

పోయిన వేసవిలో నాకు దొరికిన పాతకాలపు తుపాకీ గుండును సుధాకర్ గారు చర్చి వాళ్ళందరి ముందూ "అది వలకి కట్టే సీసమండీ, చేపలు పట్టుకోండి" అని నవ్వులపాలు చేశారు. తాడు దూరే బెజ్జమే లేదని నేను చెప్పినా ఒక్కరూ వినలేదు.

ఇవాళ పామర్రులో, ఆయన సొంత చేలోనే, ఇద్దరం వెతుకుతుంటే ఆయన మెటల్ డిటెక్టర్ కూసింది. తవ్వితే మొనదేలిన గుండు. సీసం మీద రాగి తొడుగు, దాని మెరుపు కూడా పోలేదు.

"బందరు డచ్చివాళ్ళ కాలందే కదండీ? రేపు ఆరాధనయ్యాక అందరికీ చూపిస్తాను" అన్నారు.

"డచ్చివాళ్ళదేనండీ, డౌటే లేదు" అన్నాను.

డచ్చివాళ్ళ గుండంటే ఉత్త సీసపు ఉండ, దానికి రాగి తొడుగెక్కడిది? ఆ మాట రేపు చెబుతాను, ఆయన చూపించాక.

అయినా ఒకటే గుచ్చుతోంది. ఈమధ్య పేలిన గుండు ఆయన చేలోకి ఎలా వచ్చింది?

అదీ ఆయన్నే అడుగుతాను. మైకులో.